ఆ పెట్టె నాది

టీకాల స్టోరులో గలగల మామయ్య నోరు విప్పిన రోజు వాన పడుతుందని అందరూ వేళాకోళం చేసేవాళ్ళు. పట్టుమని పది మాటలాడని మనిషికి ఆ పేరెందుకొచ్చిందంటే, ఇరవై రెండేళ్ళుగా పొద్దున్నే ఆయన నోటినుంచి వచ్చే మాట అదొక్కటే.

"గలగలమందా?"

పని తెలియనివాళ్ళకు చెప్పాలి. టీకా మందు వేడికి చెడుతుందని అందరికీ తెలుసు. గడ్డకట్టినా కొన్ని మందులు చెడతాయని తెలిసినవాళ్ళు తక్కువ. మందు పంపే పెట్టెలో చుట్టూ ఐస్ ప్యాకులు పేరుస్తారు. ఫ్రీజర్లోంచి తీసిన ప్యాకును తీసినట్టే పెట్టెలో పెడితే పక్కనున్న సీసా గడ్డకట్టుకుపోతుంది. దారిలో మళ్ళీ కరుగుతుంది. చూడ్డానికి మామూలు మందే. సూదిలోకి ఎక్కుతుంది, పిల్ల తొడలోకి దిగుతుంది. పని మాత్రం చెయ్యదు. అందుకని ప్యాకుల్ని ముందు బల్ల మీద పరచాలి. వాటికి చెమట పట్టాలి. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల ఐసు గలగలమనాలి. అప్పటిదాకా పెట్టె ముట్టుకోకూడదు. చలికాలమైతే ముప్పావుగంట. ప్రతి పెట్టెకూ ఒక చీటీ. ప్యాకులు బయట పెట్టిన టైము, పెట్టె సర్దిన టైము, సర్దినవాళ్ళ సంతకం.

మామయ్యకు పెళ్ళాం పోయింది. పిల్లల్లేరు. ఉన్నదల్లా ఒక అక్క, ఆ అక్కకు ఒక కూతురు. ఆ పిల్లను భుజాన వేసుకుని తిప్పింది ఆయనే. పంతొమ్మిదేళ్ళు రాగానే స్టోరులో రోజువారీ పనికి పెట్టించిందీ ఆయనే. చురుకైన పిల్ల. సగం చెబితే మిగతాది తనే చెప్పేది.

"నీ పోలికే లేదు బాబాయ్ నీ మేనకోడలికి. నోరూ ఉంది, బుర్రా ఉంది," అనేవాడు జీపు డ్రైవరు.

ఒక చలికాలం పొద్దున రెండు పెట్టెలు బయల్దేరాలి. ఒకటి రేవు పక్క పేటకు, అది మామయ్య సర్దేశాడు. రెండోది క్వారీ పాకలకు, అది మేనకోడలి చేతిలో ఉంది. ఇంతలో లోపలి గదిలో పెద్ద ఫ్రిజ్ అలారం మోగింది. మామయ్య అటు పరుగెత్తాడు. బయట డ్రైవరు హారను మీంచి చెయ్యి తియ్యడం లేదు. అలారం సంగతి చూసి తిరిగొచ్చేసరికి రెండు పెట్టెలూ జీపెక్కి ఉన్నాయి.

"ఏం చలాకీ చెయ్యి బాబాయ్! నువ్వు ముప్పావుగంట కూచునే పని చిటికెలో తేల్చేసింది," అన్నాడు డ్రైవరు.

అందరూ నవ్వారు. పిల్ల సిగ్గుపడుతూ నవ్వింది. దాని ముఖం చూసి మామయ్యా నవ్వాడు. రోజూ అడిగే మాట ఆ ఒక్కరోజు అడగలేదు.

మూడు నెలలకు క్వారీ పాకల్లో కోరింత దగ్గు మొదలైంది. ఆ పెట్టె వెళ్ళిన రోజు అక్కడ ఇరవై ముగ్గురు పిల్లలకు సూది వేశారు. వాళ్ళలో ముగ్గురు పడ్డారు. ఇద్దరు లేచారు. రాళ్ళు కొట్టే ఆమె కూతురు, అయిదు నెలల పాప, దగ్గీ దగ్గీ నీలం తిరిగి పోయింది. బలహీనపు పిల్ల అని రాసి డాక్టరు ఫైలు మూసేశాడు.

మామయ్య మూయలేకపోయాడు. తిరిగొచ్చిన మందుల అరలో ఆనాటి సీసాలు రెండు మూత తియ్యకుండా మిగిలి ఉన్నాయి. ఒకటి తీశాడు. దానికి జతగా అదే మందు మంచి సీసా ఒకదాన్ని కావాలని గడ్డకట్టించి కరిగించాడు. రెంటినీ ఒకే గుప్పిట్లో పట్టుకుని ఊపి కిటికీ గట్టు మీద పెట్టాడు. మంచి మందయితే పలచటి పాలలా అలాగే ఉంటుంది. చెడిందయితే అరగంటలో తెల్లదంతా అడుగుకు దిగి పైన తేట నీళ్ళు మిగులుతాయి.

రెండూ దిగాయి. కవలపిల్లల్లా దిగాయి.

ఫైల్లోంచి ఆ పెట్టె చీటీ తీశాడు. ప్యాకులు బయట పెట్టింది ఆరూ నలభై. సర్దింది ఆరూ నలభై అయిదు. గుండ్రటి అక్షరాలు, కింద మేనకోడలి సంతకం. అబద్ధం టైము వెయ్యాలని కూడా తోచలేదు పిల్లకి.

"ఏంటి మామయ్యా, ఏదో పరీక్ష చేస్తున్నావ్?" అంటూ ఆ పిల్లే వచ్చింది. గట్టు మీది సీసాలు చూసింది. పని తెలిసిన పిల్ల, నవ్వు ఆగిపోయింది. "క్వారీదా?"

ఆయన తల ఊపాడు.

"ఆ రోజు... క్వారీ పెట్టె ఎవరు సర్దారు మామయ్యా? రెండూ ఒకేసారి ఎక్కించారు కదా. నాకు సరిగ్గా గుర్తు రావట్లేదు."

పెదవులు తెల్లగా పాలిపోయాయి. గుర్తుకు రాకూడదని గట్టిగా పట్టుకుని ఉంది పాపం. చీటీ ఆయన అరచేతిలో నలుగుతోంది.

"నాది," అన్నాడు మామయ్య. "ఆ పెట్టె నాది."

పిల్ల ఊపిరి వదిలింది. మోపు దించుకున్న మనిషి వదిలే ఊపిరి. ఆయన చీటీని నాలుగు మడతలు పెట్టి కళ్ళజోడు పెట్టెలో, తుడుచుకునే గుడ్డ కింద దాచాడు.

ఆ వారమే నర్సు కాళ్ళావేళ్ళా పడి, అదనపు డోసని చెప్పించి, మిగిలిన ఇరవై ఇద్దరికీ మళ్ళీ సూదులు వేయించాడు. పోయిన పాప ఇంటికీ వెళ్ళాడు. రేకుల పాక. తల్లి ఆయన్ని పెట్టె మీద కూచోబెట్టి గ్లాసుతో నీళ్ళిచ్చింది.

"సూది పడ్డాక కూడా ఎందుకొచ్చిందయ్యా?" అంది.

ఆయన నీళ్ళు తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. లేచి వచ్చేశాడు.

ఏడేళ్ళు గడిచాయి. మేనకోడలు చదువు పూర్తిచేసి ఫీల్డు సూపర్వైజరయింది. అప్పుడు దేశదేశాల్లో పనిచేసే ఆరోగ్య సంస్థ ఒకటి వచ్చి పెద్ద హాల్లో సభ పెట్టింది. 'ప్రపంచ ఆరోగ్య రంగం: మీ దారి ఏది?' అని ఆ గోడ నుంచి ఈ గోడకు బ్యానరు. పొట్టి జుట్టు మేడమ్ ఒకావిడ మైకు పట్టుకుంది.

"ఆరోగ్య రంగం అంటే డాక్టరూ నర్సూ మాత్రమే కాదు. జబ్బుల లెక్కలు చూసేవాళ్ళున్నారు. మందు చెడకుండా చిట్టచివరి ఇంటిదాకా చేర్చేవాళ్ళున్నారు. జనంతో మాట్లాడి నమ్మకం కలిగించేవాళ్ళున్నారు. ప్రభుత్వాలకు సలహా చెప్పేవాళ్ళున్నారు. ఇందులో మీరెవరో వెతుక్కోండి."

వెనక వరసలో డ్రైవరు మామయ్య డొక్కలో పొడిచాడు. "చూశావా బాబాయ్, నువ్వు ప్రపంచ రంగమట! మనకిన్నాళ్ళూ తెలీలేదు. మరి నేనేంటంటావ్?"

"హారను," అన్నాడు మామయ్య.

ముందు వరసలో మేనకోడలు ఒక్క ముక్క వదలకుండా రాసుకుంటోంది. ఈ చుట్టుపక్కల నుంచి తీసుకునేది ఒక్కరినే. ఏడాది శిక్షణ, తర్వాత దేశాల మీద పని. ఆ రాత్రినుంచి ఆ పిల్ల అన్నం తింటున్నా అదే ధ్యాస. ఫారం నింపింది. అన్నీ నింపి ఆఖరి ప్రశ్న దగ్గర ఆగింది. 'మీ పనిలో ఎదురైన పెద్ద వైఫల్యం ఏది? దానివల్ల ఏం నేర్చుకున్నారు?'

"నేనేం తప్పు చేశానని రాయను మామయ్యా?" అంది ఆదివారం తల్లితో కలిసి మామయ్య ఇంటికి వచ్చి.

"చెయ్యకపోతే చెయ్యలేదని రాయవే," అంది ఆయన అక్క, బియ్యం ఏరుతూ.

"అలా రాస్తే తీసి చెత్తబుట్టలో వేస్తారమ్మా. తప్పు లేని మనిషి వాళ్ళకి అక్కర్లేదు. చిన్నా చితకా తప్పు చెప్పినా నవ్వుతారు. బరువైనది కావాలి." పెన్ను చివర కొరుకుతూ మామయ్య వైపు చూసింది. చాలాసేపు చూసింది. మామయ్య కిటికీలోంచి బయటికి చూశాడు.

రెండు రోజుల తర్వాత స్టోరుకు వచ్చి కాగితం ముందు పెట్టింది. ఆయన కళ్ళజోడు తీసి తగిలించుకుని నిదానంగా చదివాడు. 'మా స్టోరు బాధ్యుడు, నా సొంత మేనమామ, నిబంధన పాటించకుండా పెట్టె సర్దారు. గడ్డకట్టిన మందు వల్ల ఒక పసిపాప మరణించింది. పరీక్ష జరుగుతుండగా నేను కనిపెట్టాను. బంధుత్వానికి తలవంచి ఏడేళ్ళు నోరు మూసుకున్నాను. అదే నా వైఫల్యం.' కింద, పై విషయం నిజమని సంతకానికి చోటు.

"నిజమే కదా మామయ్యా? నువ్వే కదా చెప్పావ్."

ఆయన కళ్ళజోడు పెట్టె మూత మీద వేలు పెట్టి ఉంచాడు.

"ఈ కాగితం ఎక్కడికి పోతుంది?"

"వాళ్ళ దగ్గరే ఉంటుంది. బయటికి రాదు. ఒట్టు." గొంతు తగ్గించింది. "నీకింకా నాలుగేళ్ళే కదా సర్వీసు. నాకిప్పుడే మొదలు. నువ్వు సంతకం పెట్టకపోతే కట్టుకథ అనుకుంటారు."

వేలు కొంచెం పైకెత్తితే చాలు, మూత తెరుచుకునేది. చీటీ బయటపడితే ఫారం ఏమైపోతుంది, పిల్ల ఏమైపోతుంది? ఆయన వేలు తీసి పెన్ను అందుకున్నాడు.

"గుండె గట్టి మనిషివి మామయ్యా," అంది కాగితం ఆరబెడుతూ.

సీటు ఆ పిల్లకే వచ్చింది. పొట్టి జుట్టు మేడమ్ ఆ కాగితం చదువుతూ కళ్ళు ఒత్తుకుందట. ఇంత నిజాయితీ ఎక్కడా చూడలేదందట. కళ్ళు ఒత్తుకున్న తర్వాత, పద్ధతి ప్రకారం, దాని నకలొకటి ఇక్కడి ఆఫీసుకు పంపింది.

పదిరోజుల్లో మామయ్య చేతిలోంచి స్టోరు తాళాలు తీసుకున్నారు. ఉద్యోగం ఉంచారు, పని మార్చారు. గేటు దగ్గర కుర్చీ, వచ్చే పోయే బండ్ల రిజిస్టరు. కొత్తగా చేరినవాళ్ళు ఆయన వినేలాగే చెప్పుకునేవాళ్ళు: "ఈయనే. పాపని చంపినాయన." లోపల ప్యాకులు ఎవరు ఊపుతున్నారో, ఊపుతున్నారో లేదో, గేటు దాకా వినపడేది కాదు.

ప్రయాణానికి ముందురోజు మేనకోడలు వచ్చింది.

"నకలు పంపిస్తారని నాకేం తెలుసు? అయినా ఒకందుకు మంచిదే మామయ్యా. నీ మనసు తేలికపడి ఉంటుంది."

వెంట వచ్చిన అక్క మాత్రం గుమ్మం దగ్గరే నిలబడి, లోపలికి రాకుండా, "దాని బతుక్కి అడ్డం పడలేదు, అదే పదివేలు. అంతటి పని చేసి మా ముఖం కూడా చూడగలుగుతున్నావ్, నువ్వూ ఒక తమ్ముడివేనా?" అని వెళ్ళిపోయింది. తర్వాత ఆ ఇంటినుంచి ఎవరూ రాలేదు.

మూడేళ్ళకు మేనకోడలు తిరిగొచ్చింది. మెడలో సంస్థ కార్డు, వెంట పన్నెండుమంది కుర్రకారు. ఆరోగ్య రంగంలోకి రావాలో వద్దో తేల్చుకోవడానికి వచ్చినవాళ్ళు. పని ఎలా ఉంటుందో దగ్గరుండి చూపించే బాధ్యత ఇప్పుడు ఈమెది. సంస్థ బండి తోలేది పాత డ్రైవరే. జీపు వదిలి ఆమె దగ్గర కుదురుకున్నాడు.

కుర్రకారుకు పని చూపించడానికి ముందురోజు ఆమె గేటు దగ్గర కారు ఆపింది.

"రేపు హాలుకి రా మామయ్యా. సీసాలు ఊపి చూపించే పరీక్ష నువ్వు చెయ్యాలి."

"లోపల జనం ఉన్నారుగా."

"వాళ్ళు చేస్తే పాఠంలా ఉంటుంది. తప్పు చేసిన చేతులే చేసి చూపిస్తే పిల్లల బుర్రకెక్కుతుంది. అయిదు దేశాల్లో చెప్పాను నీ కథ. ఎక్కడ చెప్పినా నిన్ను చూడాలంటారు తెలుసా?" పొగడ్తలాగే అంది. "ఇంకొకరు కూడా వస్తున్నారు. ఎవరో రేపు చూద్దువుగాని."

మర్నాడు పొద్దున ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. పిలిచింది మేనకోడలు, అదీ మూడేళ్ళకు. అదే హాలు. బల్ల మీద రెండు సీసాలు, ఒకటి మంచిది, ఒకటి గడ్డకట్టించి కరిగించినది. ఆయన రెంటినీ గుప్పిట్లో పట్టుకుని ఊపాడు. బల్ల మీద పెట్టి వెనక్కి జరిగాడు.

"ఇప్పుడు అరగంట ఆగాలి," అంది మేనకోడలు. "ఈలోపు అడగండి."

ఒక అమ్మాయి లేచింది. "ఆ పాప అమ్మానాన్నలకి చెప్పారా సార్?"

మామయ్య నోరు తెరిచేలోపు మేనకోడలే అందుకుంది. "చెప్పలేదు. ఇంటికి వెళ్ళారు, చెప్పకుండా వచ్చేశారు. దీన్నేమంటారో మర్యాదకి మీరనరు, నేనంటాను. పిరికితనం. అందుకే ఇవాళ ఆ పని పూర్తి చేద్దాం." తలుపు వైపు తిరిగింది. "రామ్మా."

డ్రైవరు తలుపు తీసి పట్టుకున్నాడు. లోపలికొచ్చిన మనిషిని మామయ్య వెంటనే పోల్చుకున్నాడు. జుట్టు నెరిసింది. చేతి వేళ్ళ మీద రాళ్ళు కొట్టిన కాయలు అలాగే ఉన్నాయి. ఎందుకు తీసుకొచ్చారో ఆమెకి దారిలో చెప్పినట్టున్నారు. కుర్చీల మధ్యనుంచి బెదురుతూ నడుస్తోంది. పన్నెండు పెన్నులూ సిద్ధంగా ఉన్నాయి.

తనకేం జరిగినా పడ్డాడు మామయ్య. తాళాలు పోయినా, గేటు దగ్గర కూచున్నా, అక్క ఛీ కొట్టినా. ఆ తల్లిని ఇలా పట్టుకొచ్చి నడిపిస్తుంటే చూడడం మాత్రం ఆయనవల్ల కాలేదు. కళ్ళజోడు పెట్టె తెరిచి, గుడ్డ కిందినుంచి చీటీ తీసి, బల్ల మీదుగా మేనకోడలికి అందించాడు. ఆమె ఆపేస్తుందనుకున్నాడు. చూస్తే ఆపేస్తుంది, ఏదో ఒక వంక చెప్పి ఆ తల్లిని ఇంటికి పంపేస్తుంది, అనుకున్నాడు.

ఆమె మడతలు విప్పింది. ఆరూ నలభై. ఆరూ నలభై అయిదు. గుండ్రటి అక్షరాలు. పదేళ్ళ కిందట కిటికీ దగ్గర పాలిపోయినట్టే పెదవులు పాలిపోయాయి. ఒకసారి మామయ్యను చూసింది. ఒకసారి పన్నెండుమందినీ చూసింది. అప్పటికే ఆ తల్లి బల్ల దగ్గరికి వచ్చేసింది.

చీటీని పాత మడతల మీదే మడిచి మెడలోని కార్డు వెనక దోపుకుంది.

"ఈయనేనమ్మా," అంది.

తల్లి ఆయన ముఖంలోకి చూసింది. "నువ్వా అయ్యా?"

"నాది కాదు," అన్నాడు మామయ్య. "ఆ పెట్టె నాది కాదు."

హాల్లో చిన్న గుసగుస లేచింది. ఆయన తలుపు వైపు తిరిగాడు. "నువ్వు చూశావుగా. చలాకీ చెయ్యి అన్నావుగా."

డ్రైవరు చేతిలోని బండి తాళాల గుత్తి వైపు చూసుకున్నాడు. "నేను బండిలో ఉన్నాను బాబాయ్. నాకేం తెలుసు?"

"మామయ్యా, వద్దు," అంది మేనకోడలు. గొంతు మెత్తగా ఉంది, తేనె పూసినట్టు. "నువ్వే సంతకం పెట్టావు కదా. మళ్ళీ వెనక్కి పోకు." పన్నెండుమంది వైపు తిరిగింది. "గమనించారా? కాగితం మీద ఒప్పుకున్న మనిషి కూడా నష్టపోయినవాళ్ళు ఎదురుగా నిలబడితే జారుకోవాలనే చూస్తాడు. రేపు మీరు ఏ దేశం వెళ్ళినా ఇదే చూస్తారు. రాసుకోండి."

రాసుకున్నారు.

తల్లి తిట్టలేదు, కొట్టలేదు. కొడుతుందేమోనని ఒక కుర్రాడు ఫోను పైకెత్తి పట్టుకున్నాడు కూడా.

"నా చేతి నీళ్ళు తాగావు," అంది. "బిడ్డని పూడ్చి మూడోరోజు. ఇంట్లో ఉన్నది ఒక్కటే గ్లాసు. అది కడిగి నీకిచ్చాను."

మామయ్య తల దించుకున్నాడు. దానికి మాత్రం ఆయన దగ్గర చీటీ లేదు.

"మేడమ్! దిగింది మేడమ్!" అని ముందు వరసలోంచి అరుపు. కుర్చీలు జరిగాయి. పన్నెండుమందీ బల్ల చుట్టూ మూగారు. ఎంత స్పష్టంగా ఉందో చూడు అని ఒకరు, నీడ పడుతోంది జరుగు అని ఒకరు. మేనకోడలు పక్కకు నిలబడి కార్డు తాడు సర్దుకుంటోంది. చెయ్యి కార్డు మీంచి తియ్యడం లేదు.

తల్లి వాళ్ళ భుజాల సందులోంచి తొంగి చూసింది. ఒక సీసా పాలలా ఉంది. ఒకదాంట్లో అడుగున సున్నం, పైన నీళ్ళు.

"ఇందులో నా బిడ్డకి వేసింది ఏది?" అంది.

కుర్రాళ్ళంతా ఫోటోలు తీసుకుంటున్నారు. ఆమె మళ్ళీ అడిగింది. మామయ్యే చెయ్యి చాపి, ఆ కుర్రాళ్ళ చేతుల మధ్యనుంచి, వేలితో చూపించాడు.